పెద్దబాపు కుర్చీ

మా చుట్టాలు జబ్బు మనిషిని చూడటానికి వచ్చే తీరు ఏటా జరిగే నుమాయిష్‌కు వచ్చే తీరే. ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లాజెల్లను వెంటేసుకుని వస్తారు. రాగానే అన్నిటికంటే వింతైనది ఎక్కడుందో అక్కడికి పోయి నిలబడతారు. మా ఇంట్లో ఆ వింత పెద్దబాపు కాళ్లు. మా మేనత్త వచ్చినవాళ్లందరికీ ఆయన పంచె అంచు కొద్దిగా ఎత్తి, వాచిన పాదం మీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట చూపించేది. వాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆ తర్వాత చాయ్ అడిగేవాళ్లు.

పెద్దబాపు మా నాన్నకు అన్న. నా చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే నన్ను పెంచింది ఆయనే. పెద్దమ్మ కూడా ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆబిడ్స్‌లో ఒక బడిలో ఏళ్ల తరబడి ఉర్దూలో లెక్కలు చెప్పి, పోలీసు చర్య జరిగిన మరుసటేడు పింఛను మీద ఇంటికొచ్చాడు. నేను అప్పటికి గన్‌ఫౌండ్రీలో ఆడపిల్లల బడిలో పంతులమ్మను. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది.

జబ్బు ముదిరాక ఆబిడ్స్ డాక్టరు వచ్చి చూశాడు. గుండె బాగా అలసిపోయిందని, ఒంట్లోకి నీరు దిగుతోందని, ఊపిరితిత్తుల్లో కూడా చేరిందని చెప్పాడు. ఉప్పు మానాలి, తాగే నీళ్లు కొలిచి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, వెల్లకిలా పడుకోబెట్టకూడదు. జాగీర్లు పోయిన రోజులవి. నవాబుల పెద్ద పెద్ద దేవిడీల సామానంతా ఆబిడ్స్‌లో హర్రాజు దుకాణాల్లో వేలానికి వచ్చేది. అక్కడే ఎత్తు వీపున్న చేతుల కుర్చీ ఒకటి తెచ్చాను. ముందు బల్ల వేసి, దాని మీద దిండు పెడితే, పెద్దబాపు నుదురు ఆనించుకుని అట్లాగే నిద్రపోయేవాడు.

అత్తమ్మకు, అంటే మా మేనత్తకు, ఆ కుర్చీని చూస్తే ఒళ్లు మంట. “ఏంది గీ నవాబు యేషాలు? మనిషన్నంక నడుం వాల్చాలె గద” అనేది. డాక్టరు మాట చెబితే, డాక్టరు నిన్నమొన్నటి పోరడు, వానికేం తెలుసు అనేది. ఉప్పు సంగతీ అంతే. నేను బడికి పోగానే కొంగు చాటున మామిడికాయ తొక్కు తెచ్చి అన్నకు నాకించేది. సాయంత్రానికి ఆయన కాళ్లు దుంగల్లా అయ్యేవి. ఆ కాళ్లు చూసి ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది.

ఒకరోజు పెద్దబాపు నా చెయ్యి పట్టుకున్నాడు. “బిడ్డా, ఇంకేమన్నా జెయ్యి. నన్ను మాత్రం పండవెట్టకు. పండుకుంటె బాయిల మునిగినట్టయితది. పోయేది పోనే పోత, కూసోనే పోత.”

“గట్లనే పెద్దబాపు” అన్నాను. నా జన్మలో నేను ఇచ్చిన మాటలు చాలా ఉన్నాయి. నిలబెట్టుకోవడానికి ఇంత కొట్లాడింది ఈ ఒక్కదానికే.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం మా సందులోని రిక్షా అతను బడికి వచ్చి, “అమ్మా, మీ ఇంట్ల ఏడుపులు ఇనవడుతున్నయ్” అన్నాడు. ఆ రిక్షాలోనే ఇంటికి పోయాను. కుర్చీ వాకిట్లో ఉంది. లోపల నేల అలికి, చాప పరిచి, పెద్దబాపును దక్షిణం తల పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. అత్తమ్మ తల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆమె కొడుకు, మా బావ, తులసి నీళ్లు చెంచాతో నోట్లో పోస్తున్నాడు, ఒకటి కాగానే ఇంకొకటి. రోజుకు మూడు గ్లాసులని నేను కొలిచి ఇచ్చే మనిషికి.

జరిగింది ఇది. పొద్దున డాక్టరు సూది ఇచ్చి పోయాడు. ఎన్నో రోజుల తర్వాత పెద్దబాపుకు కాస్త నిద్ర పట్టింది. వీళ్లు వచ్చి రెండుసార్లు పిలిచారు, పలకలేదు. ఇంకేముంది, కాలం దగ్గర పడిందన్నారు. కుర్చీలో ప్రాణం పోతే ప్రేతమై తిరుగుతాడట. ప్రాణం ఉండగానే భూమి తగలాలట.

“సూడు బిడ్డా, జీవి ఎట్ల కొట్టుకుంటున్నదో” అంది అత్తమ్మ.

పెదవులు నల్లబడ్డాయి. చేతులు గాలిలో ఆడుతున్నాయి. కొట్టుకునేది జీవి కాదు, మనిషి, లేపి కూర్చోబెట్టమని. అది తెలుసుకోవడానికి డాక్టరీ చదవక్కర్లేదు. పెద్దాచిన్నా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. రిక్షా అతన్ని లోపలికి పిలిచి, చెరో చంక కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాం. అతను కుర్చీ తెచ్చేదాకా నా భుజానికి ఆనించుకుని పట్టుకున్నాను. మా వాళ్లలో ఒక్కరూ కదల్లేదు.

పొద్దుగూకేసరికి పెద్దబాపుకు మాట వచ్చింది. “ఎవరెవరొచ్చిన్రు?” అని అడిగాడు.

“అందరొచ్చిన్రు.”

“మా చెల్లె ఏడ్చిందా?”

“ఏడ్చింది.”

“మంచిగ ఏడ్చిందా?”

“మంచిగనే ఏడ్చింది” అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గాడు.

బతికినందుకు సంతోషించింది మేమిద్దరమే. మిగిలినవాళ్లు మూతులు ముడుచుకున్నారు. ఊళ్లకు తంతి కబుర్లు పోయాయి, వాటికేం జవాబు చెప్పాలి? కొరివి పెట్టడానికి సెలవు తీసుకున్న మా బావ, రైలు తప్పిపోయినవాడిలా వాకిట్లో నిలబడ్డాడు. అత్తమ్మ అందరికంటే గట్టిగా, “భూమ్మీద దించినోన్ని మళ్ల కుర్చెక్కిస్తరా? ఇంటికి అరిష్టం, శాంతి జేపియ్యాలె” అంది. శాంతి కావలసింది నాకు. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె నెల రోజులు గడప తొక్కలేదు. ఆ నెలంతా ఆయన కాళ్ల వాపు కాస్త తీసింది.

బడికి సెలవు పెట్టేశాను. ఎవరొచ్చినా కుర్చీ పక్కన పీట వేసుకుని కావలి కూర్చునేదాన్ని. చూడటానికి వచ్చినవాళ్లు నన్ను కూడా చూసి పోయేవాళ్లు, కొంచెం పిచ్చి పట్టిందన్నట్టుగా. అట్లా నాలుగు నెలలు గడిచాయి.

ఎండాకాలం, పొద్దున పూట. పెద్దబాపు మంచినీళ్లు అడిగాడు. సగం గ్లాసు ఇచ్చాను. తాగి దిండు మీద నుదురు ఆనించాడు. నేను ఉప్పులేని జావ కాచి తెచ్చేసరికి పోయాడు. ఎవరినీ పిలవలేదు. ఇక పడుకోబెట్టినా ఆయనకు ఏమీ కాదని తెలుసు, కానీ చేతులు రాలేదు. చాలాసేపు అట్లాగే పక్కన కూర్చున్నాను.

తర్వాత రిక్షా అతనితో కబురు పంపితే అత్తమ్మా బావా వచ్చారు. “పానం ఉన్నప్పుడే కింద దించినవా?” ఆమె మొదటి మాట అదే.

“లేదత్తమ్మా. కూసోనే పోయిండు.”

ఆమె అనబోయే ప్రతి మాటకూ నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఆమె పోయి చాప తెచ్చి పరిచింది. బావా పక్కింటాయనా కలిసి పెద్దబాపును ఎత్తి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అత్తమ్మ తల దగ్గర కూర్చుని చూసింది. లేచి, బల్ల మీది దిండు తెచ్చి, అన్న తల కింద పెట్టబోయింది.

“అమ్మా, దిండు పెట్టరాదు” అన్నాడు బావ.

“ఉండనియ్యిరా. ఎల్లెలుకల పండుకుంటె ఆయాసమైతది మా అన్నకు.”

ఈ బుద్ధి నాలుగు నెలల కింద ఏ గంగలో కలిసిందని అడుగుదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. ఆమె పెట్టబోయిన దిండు మెడ దగ్గరే ఆగిపోయింది. నేను రెండో కొస పట్టుకున్నాను.

“ఇంక జర మీదికి పెట్టత్తమ్మా” అన్నాను.