నా పట్టికలో లేని గడి

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఐదో అంతస్తు అబ్బాయి తన ఫోను నా ముందు పెట్టి, బెల్జియన్ మాలినోయ్ అనే జాతి కుక్కను తెచ్చుకోబోతున్నానని, సైన్యంలో వాడేది అదేనని, మీరు ఒకప్పుడు పోలీసు కుక్కను పెంచారట కదా అంకుల్, ఒకసారి చూసి చెప్పండని అడిగాడు. తెర మీద రంగురంగుల పట్టిక ఉంది. ఐదు జాతులు, పన్నెండు గడులు, ఒక్కో గడికి పదేసి మార్కులు, అడుగున మొత్తం. నేను దిగవలసిన రెండో అంతస్తు దాటిపోయినా దాన్ని చూస్తూనే ఉండిపోయాను. గుండ్లపోచంపల్లిలో పంపుల ఫ్యాక్టరీ కొనుగోళ్ల విభాగంలో పనిచేసే రోజుల్లో, అచ్చం అలాంటి పట్టికనే నేను స్కేలు పెట్టి గీతలు కొట్టి తయారుచేశాను.

తొంభైల చివర మాట. పాలిటెక్నిక్ చదివి, తెనాలి నుంచి వచ్చి, పెళ్లయిన కొత్తలో మేడ్చల్ శివారులో అప్పుడే లేస్తున్న ఒక కాలనీలో అద్దెకు దిగాం. నాలుగు ఇళ్లకు ఒక ఖాళీ స్థలం చొప్పున ఉండేది, వీధి దీపాల స్తంభాలు ఉండేవిగాని దీపాలు ఉండేవి కావు. పక్క వీధిలో పట్టపగలే ఎవరో బోరు మోటారు స్టార్టరు విప్పుకుపోయారు. నేను డ్యూటీకి వెళితే నా భార్య ఒక్కతే ఉండాలి. కుక్కను తెస్తే నయమనిపించింది.

మా ఆఫీసులో ఒక బోల్టు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, పక్కపక్కన రాసి, ఏది మేలో తేల్చి సంతకం పెట్టాలి. అలా చేస్తే తప్పు జరగదని నాకు గట్టి నమ్మకం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని పొమెరేనియన్, లాబ్రడార్, డాబర్‌మన్, అల్సేషియన్, ఆఖరున మన ఊరకుక్క, ఇన్నిటినీ వరసగా రాసి తెలివి, ధైర్యం, చురుకు, వినికిడి, విశ్వాసం అని గడులు గీసి మార్కులు వేశాను. అల్సేషియన్‌కు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. అందులోనూ పోలీసు పని చేసిన తల్లిదండ్రులకు పుట్టిన పిల్లయితే చురుకులో పదికి పది. ఎక్కువ మార్కులు వచ్చింది మంచిదన్న దాంట్లో నాకు ఇసుమంత అనుమానం రాలేదు. అప్పటికి నేను నా జీవితంలో కుక్క మెడకు పట్టీ కట్టినవాణ్ణి కూడా కాను.

శామీర్‌పేట దగ్గర పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చి రిటైరైన ఒకాయన ఉన్నాడని, ఆయన ఇంట్లో పిల్లలు ఉన్నాయని తెలిసి ఒక ఆదివారం స్కూటరు మీద వెళ్లాను. ఆయన ఐదు పిల్లలను వాకిట్లో వదిలాడు. నేను జేబులోంచి కాగితం తీసి వాటికీ మార్కులు వేయడం మొదలుపెట్టాను. తాళాల గుత్తి విసిరితే ఒకటి దూకి పట్టుకుంది, తిరిగి ఇవ్వలేదు, నా బూటు లేసు ఊడదీసింది, గోడ పక్క బకెట్టును పడదోసి అందులో దూరింది. దానికే మొదటి స్థానం ఇచ్చాను. ఆయన నా కాగితాన్ని, నన్ను కాసేపు చూసి, ఒక్క ప్రశ్న అడిగాడు.

"దీనికేం పని చెప్తరు సార్?"

కాపలా అన్నాను.

"కాపలా పని కాదు సార్, గది కూసునుడు. గీ పిల్ల కూసునేది కాదు. గా మూలకు పండుకున్నది సూడుండ్రి, గది తీస్కపోండి. మీ అసొంటోళ్లకు గదే మంచిగుంటది."

మూలన పడుకున్న పిల్లకు నా కాగితంలో ఆఖరి స్థానం. ఈయన మంచి సరుకు దాచుకుని మిగిలింది అంటగడుతున్నాడని అనుకున్నాను. కొనుగోళ్ల విభాగంలో పనిచేసేవాడికి అదొక జబ్బు, అమ్మేవాడు ఏది వద్దంటే దాన్నే గట్టిగా పట్టుకుంటాడు. బకెట్టులో దూరినదాన్నే తెచ్చుకున్నాను.

నా భార్య దానికి బుజ్జి అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి బుజ్జి ముప్పై అయిదు కిలోలు తూగాడు. దొంగలు మా వీధి వైపు చూడలేదన్న మాట నిజమే, చుట్టాలూ చూడలేదు. గొలుసు ఉన్నంత మేర నేల మీద గుండ్రంగా దారి పడిపోయింది, గంటల తరబడి ఆ దారినే తిరిగేవాడు. స్కూటరు సీటు, రెండు తలుపు చట్రాలు, ఆరేసిన చాప, మొలకెత్తిన కరివేపాకు మొక్క, వాడు పాడుచేసినవాటికి నేనొక జాబితా రాసి పెట్టుకున్నాను గాని పదహారో అంశం తర్వాత ఆపేశాను. గొలుసు విప్పితే గేటు దూకి, బడికి వెళ్లే పిల్లల వెనక చేరి, మడమల దగ్గర మూతి పెట్టి అందరినీ ఒక గుంపు చేసి రోడ్డు పక్కన నిలబెట్టేవాడు. కరవలేదు. కానీ పిల్లలకు ఆ తేడా ఏం తెలుస్తుంది, ఏడ్చేవాళ్లు. ఎదురింటి అవ్వ మాత్రం నవ్వేది.

"ఏం కుక్కను తెచ్చినవ్ బిడ్డా, మా పోరగాండ్లను మేకల లెక్క మలుపుతాంది. జీతమిచ్చి పెట్టుకున్నవా ఏంది?"

కొన్నాళ్లకు అవ్వ కూడా నవ్వడం మానేసింది. కాలనీ పెద్దలు ఇంటికి వచ్చి, కూర్చోకుండానే, పంచాయతీ వాళ్లకు చెప్పి పట్టించమంటారా, మీరే ఏదైనా చేస్తారా అని మర్యాదగా అడిగి వెళ్లారు. పట్టించడమంటే చంపించడమేనని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. అప్పటికి నా భార్యకు ఐదో నెల.

చేసేది లేక మళ్లీ శామీర్‌పేట వెళ్లాను. ఆయన బుజ్జి దినచర్య రాసిమ్మన్నాడు. అది నాకు చేతనైన పని గనుక నిమిషాలతో సహా రాసిచ్చాను. పొద్దున పావుగంట నడక, సాయంత్రం పావుగంట నడక, మిగతాది గొలుసు. ఆయన చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇరవై మూడున్నర గంటలు సెలవు మీద పెట్టిండ్రు సార్. నౌకరీ లేని పోలీసోడు ఇంట్ల ఉంటే ఎట్లుంటడో, నేను రిటైరైనంక ఏం జేసిన్నో మా ఇంటోళ్లను అడుగుండ్రి."

లోపలి నుంచి ఆయన భార్య, ఆ సంగతి అడగనే వద్దన్నట్టు పెద్దగా నిట్టూర్చింది.

ఆ రోజు ఆయన నాకొక పని నేర్పాడు. నా పాత చేతి తొడుగు ఒకటి కాలనీ వెనక తుప్పల్లో దాచి, కుక్కను కూర్చోబెట్టి, నేను మాట చెప్పేదాకా కదలనివ్వకుండా ఆపి, ఆ తర్వాత 'వెతుకు' అనాలి. అంతే. రోజూ తెల్లవారుజామున అయిదింటికి లేచి గంటసేపు ఆ పని చేయించాను. నా మాట కోసం ఎదురుచూసేటప్పుడు బుజ్జి ఒళ్లంతా సన్నగా వణికేది, కళ్లు నా నోటి మీదే ఉండేవి. మాట వినగానే దూసుకుపోయేవాడు. తొడుగు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి మళ్లీ దాచమన్నట్టు చూసేవాడు. రెండు నెలలు ఇంట్లో చెక్కముక్క కూడా విరగలేదు. నాకు ఈ రోజుకీ మేడ్చల్ అంటే ఆ రెండు నెలల పొద్దులే గుర్తొస్తాయి.

తర్వాత ఫ్యాక్టరీలో పెద్ద ఆర్డరు పడింది, నా గంట అరగంట అయింది, అరగంట ఆదివారమైంది. సంక్రాంతి దాటిన వారంలో ఒక సాయంత్రం, ఎనిమిదో నెల గర్భంతో నా భార్య పెరట్లో బట్టలు తీస్తుంటే, గొలుసు తెంపుకున్న బుజ్జి పని దొరికిందన్న సంబరంతో ఆమె చీర కుచ్చెళ్లు పట్టి ఇంట్లోకి మళ్లించబోయాడు. ఆమె బట్టలుతికే బండ మీద కూలబడింది. దెబ్బ తగల్లేదు. నేను వచ్చేసరికి బండ మీదే కూర్చుని ఉంది, వాడు ఆమె పాదాల దగ్గర, పని పూర్తిచేసినవాడి ధీమాతో పడుకుని ఉన్నాడు. ఆమె కోప్పడలేదు.

"అన్ని గడులు గీశారు కదండీ, వాటిలో మన గురించి ఒక్కటైనా ఉందా?"

లేదు. కుక్క తెలివికి గడి ఉంది, ధైర్యానికి ఉంది. యజమానికి రోజుకు ఎన్ని గంటల తీరిక, ఎంత ఓపిక, కుక్కల గురించి ఏం తెలుసు అన్న గడి లేదు. సరుకును మాత్రమే తూచాను, కొనేవాణ్ణి తూచలేదు. మార్కులు వేసి ఉంటే బుజ్జి యజమానిగా నేను పాసయ్యేవాణ్ణి కాను.

శిక్షణ ఇచ్చిన ఆయన వియ్యంకుడికి శామీర్‌పేట అవతల ఆరెకరాల ద్రాక్షతోట ఉండేది. ఆ రోజుల్లో అటువైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. కాయ రంగు తిరిగే వేళకు చిలకలు, పికిలిపిట్టలు గుంపులుగా దిగేవి, కోతులు సరేసరి, కూలీలు రోజంతా రేకు డబ్బాలు వాయిస్తూ తిరిగేవారు. బుజ్జిని అక్కడ వదిలిన రోజున ఆ తోట పెద్దాయన వాణ్ణి చెవి నుంచి తోక దాకా చూసి, "మా పిట్టలకు జవాబు చెప్పేటోడు దొరికిండు. పొద్దుమూకేదాంక పని ఉంటది, ఉంటడా అడుగు" అన్నాడు. అడగనక్కర లేకపోయింది. పందిళ్ల కింద వరస వెంట వరస, వాడు అప్పటికే సగం తోట చుట్టి వచ్చాడు. నేను గొలుసు సంచిలో వేసుకుని, వాడు చూడకుండా వెళ్లిపోదామనుకున్నాను గాని, వాడు చూసే ధ్యాసలోనే లేడు.

మా అమ్మాయికి ఏడాది నిండాక ముగ్గురం వెళ్లాం. బుజ్జి సన్నబడ్డాడు, గట్టిపడ్డాడు. పరుగున వచ్చి అమ్మాయి పాదాలు వాసన చూశాడు, నా భార్య చేతిని నాకాడు, తర్వాత నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఒళ్లంతా సన్నటి వణుకు, కళ్లు నా నోటి మీద. నా దగ్గర తొడుగు లేదు, ఎక్కడా దాచలేదు. తోట అవతలి చివర నుంచి పెద్దాయన ఈల వేశాడు. వాడి చెవులు అటు తిరిగాయి, ఒళ్లు తిరగలేదు. మళ్లీ ఈల. అయినా కదల్లేదు. నేను చెప్పాలి. "పో" అన్నాను. ఆ ఒక్క అక్షరం పూర్తయ్యేలోపు వాడు మూడు వరసలు దాటాడు.

ఇప్పుడు ఆ తోట లేదు. ఆ వరసల చోట ఒకే రంగు విల్లాలు ఉన్నాయి. పొద్దున్నే జీతానికి కుదిరిన మనుషులు ఖరీదైన కుక్కలను పావుగంట నడిపించి లోపలికి తీసుకుపోతుంటారు. ఐదో అంతస్తు అబ్బాయికి, తన పట్టికలో పదమూడో గడి ఒకటి పెట్టమని, దాని నెత్తిన తన పేరే రాసుకోమని చెప్పాను. నవ్వాడు, పెడతానన్నాడు. దీనికి ఏం పని చెబుతావు బాబూ అని అడిగితే, కాపలాకి అంకుల్ అన్నాడు. తొమ్మిది మంది వాచ్‌మన్లు, నలభై కెమెరాలు ఉన్న అపార్ట్‌మెంట్ మాది.

నాకు ఆ అబ్బాయి పొరపాటు మీద కోపం లేదు, అది ఒకప్పటి నాదే. నేను చేసిన నాడు దాన్ని దిద్దుకోవడానికి స్కూటరు దూరంలో ఆరెకరాల పందిళ్లు, పని చెప్పే పెద్దాయన ఒకడు ఉన్నారు. ఈ అబ్బాయి తన కుక్కను ఏ తోటకు తీసుకెళతాడో, ఎవరు ఈల వేస్తారో నాకు తెలియదు.