కర్రోడి నీళ్ళు

కుక్కలంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేను మంచిదాన్నని ఎవరూ అనుకోవద్దు. ముట్టుకుంటే వెంట్రుకలు, తరిమితే ఏడుపులు, వాకిలి ఊడ్చిన మరుక్షణం కాలి గుర్తులు. కాజీపల్లిలో ఈ కౌసల్యమ్మ నోరంటే మనుషులే భయపడేవాళ్ళు, ఇక కుక్కలెంత!

మా వెనక గోడకు ఆనుకుని రెండు రేకుల గదులుండేవి. అందులో మొగులమ్మ, ఆమె మొగుడు ఓదెలు. ఓదెలు మందుల కంపెనీలో డ్రమ్ములు ఎత్తే పని చేసేవాడు. ఎప్పుడూ నైట్ షిఫ్టే. పొద్దున్నే వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, నెత్తి మీద రెండు బకెట్లు కుమ్మరించుకుని, ఇంత తిని పడుకుంటే మళ్ళీ సాయంత్రమే లేచేది. లేచాక మాట్లాడతాడా అంటే అదీ లేదు. చాయ్ తాగి, చొక్కా వేసుకుని పోయేవాడు.

వాళ్ళకు పిల్లలు లేరు. పగలంతా మొగులమ్మ గిన్నె చప్పుడు కాకుండా వండేది, చీపురు చప్పుడు కాకుండా ఊడ్చేది. నిద్ర చాలకపోతే మనిషి పనిలో డ్రమ్ము కింద పడతాడని ఆమె భయం. ఇంట్లో మనిషి ఉండీ మాట్లాడే దిక్కు లేదంటే ఏమిటో ఆమెను చూసే నాకు తెలిసింది. ఆమె మాటలన్నీ తను సాకే నల్ల కుక్కతోనే. పేరు కర్రోడు. గోడ ఇవతల బోళ్ళు తోముకుంటుంటే నాకు వినపడేది, గుసగుసగా:

"ఇయ్యాల ఏం కూర వండుదాంరా కర్రోడా? సొరకాయనా? నిన్న గదే గదరా. సరే తియ్యి, నీ ఇష్టం."

ఒళ్ళు మండేది నాకు. కుక్కను కూర అడగడమేమిటి? అక్కా అని గోడ మీది నుంచి నన్ను అడగొచ్చుగా! కానీ అడగాలంటే నేను మెత్తగా ఉండాలి కదా. ఎప్పుడు ఉన్నాను?

తొంభై రెండో, తొంభై మూడో, ఆ ఎండాకాలం వాగు నీళ్ళు ఎర్రబడ్డాయి. ఏ కంపెనీ వదిలిందో ఎవరు చెప్పాలి! మా ఊరి యాదగిరి వాళ్ళ బర్రె తాగి అక్కడే కూలబడింది. దాంతో మొగులమ్మకు ప్రాణం మీదికొచ్చింది. కర్రోడు పొద్దునా సాయంత్రం వాగు దిక్కే తిరిగేవాడు. వాడిని తెచ్చి గుంజకు కట్టేసింది.

అప్పుడు ఓదెలు ఒక పని చేశాడు. గేటు పాసు రాయించుకుని కంపెనీ నుంచి ఒక ఖాళీ నీలి డ్రమ్ము తెచ్చాడు. మా ఊళ్ళో అందరం చేసే పనే అది. బూడిదతో, సర్ఫుతో తోమి, వారం రోజులు ఎండబెడితే ఇంకేముంటుందని మా ధీమా. ఓదెలు ఆదివారం నిద్ర మానుకుని దాని అడుగు భాగం గిన్నెలా కోశాడు. కుక్క మూతి కోసుకుపోకుండా అంచు చుట్టూ గరుకు రాయితో రుద్దాడు. పక్కన వైరుతో పిడి కూడా పెట్టాడు. మొగులమ్మ ఆ గిన్నె పట్టుకుని మా గోడ దగ్గరికొచ్చింది. ఆమె అంత సంబరపడడం నేనెన్నడూ చూడలేదు.

"సూడక్కా, మా ఆయన చేసిండు. వాగుకు పోకుంట ఇంట్లనే తాగుతదని."

"గిన్నెనే గద, గంత మురిపెమేందే?" అన్నాను. అదీ నా నోరు.

రెండు వారాలు తిరగకుండానే కర్రోడు తిండి మానేశాడు. కక్కేవాడు, కళ్ళు పచ్చబడ్డాయి. మొగులమ్మ పటాన్‌చెరు పశువుల దవాఖానకు పోయి కంపౌండర్‌ను అడిగి గోళీలు తెచ్చుకుంది. వాటిని బెల్లంలో పెట్టి మింగించేది. మజ్జిగన్నం పలుచగా పిసికి వేలితో నాకించేది. గోనెసంచి తడిపి కింద పరిచేది. ఓదెలు లోపల పడుకుంటే, ఈమె వాకిట్లో కుక్క తల ఒళ్ళో పెట్టుకుని పగలంతా గడిపేది.

మొదట్లో తాగిన నీళ్ళు కూడా ఇప్పుడు తాగేవాడు కాదు. గిన్నె దగ్గరికి తెస్తే మొహం తిప్పుకునేవాడు. రోగం ముదిరి నీళ్ళు కూడా సయించడం లేదనుకుంది మొగులమ్మ. దవడలు విడదీసి ఆ గిన్నెలోంచి చెంచాతో పోసేది. "తాగు బిడ్డా, జెరంత తాగు. ఒక్క చెంచ," అని బతిమాలుతూ పోసేది.

సాయంత్రం పూట కాళ్ళు సాగుతాయని వాడిని కాసేపు విప్పేది. వాడు తూలుకుంటూ నేరుగా మా వాకిట్లోకి వచ్చేవాడు. నా బోరింగు కింద బండరాయి గుంటలో నిలిచిన నీళ్ళు గటగటా తాగేవాడు. నేను చీపురుకట్ట విసిరేదాన్ని.

"ఏమే మొగులూ! నీ రోగిష్టి కుక్క వచ్చి నా బోళ్ళల్ల మూతి పెడ్తున్నది. కట్టేసుకో!"

ఆమె పరుగున వచ్చి, "తప్పైందక్కా," అంటూ వాడిని ఎత్తుకుని పోయేది. నాలుగుసార్లు అలా తరిమాను. లెక్క నాకు బాగా గుర్తు.

ఐదో రోజు గోడ దగ్గర నిలబడి ఏడ్చింది. "అక్కా, నువ్వొస్తే డాక్టరు సాబు జెర మంచిగ సూస్తడు. నన్నైతే కంపౌండర్ దగ్గర్నే ఆపుతున్నరు." మా ఆయన సత్తయ్య ట్రాక్టరు ఎరువులకు పటాన్‌చెరు పోతోంది. తిట్టుకుంటూనే ఎక్కాను. దారిలో కర్రోడికి దాహమేస్తుందేమోనని ఆ నీలి గిన్నె నిండా నీళ్ళు కూడా తెచ్చింది మొగులమ్మ. పటాన్‌చెరు దాకా ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

డాక్టరు కుక్క కనురెప్ప ఎత్తి చూశాడు. "వాగు నీళ్ళు తాగిందా?"

"లేదు సార్! వాగు దిక్కు పోనియ్యలే. కట్టేసి, మూతి తిప్పుకున్నా నేనే చెంచతోని తాపుతున్న. ఇగో, గీంట్లనే."

ఆయన గిన్నె అందుకుని వాసన చూశాడు. నీళ్ళు బయట పారబోసి మళ్ళీ చూశాడు. "ఇది కంపెనీ డ్రమ్ము కదమ్మా. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది. వంద సార్లు తోమినా పోదు. ఎండకు నీళ్ళలోకి దిగుతుంది. కుక్కకు ఆ వాసన తెలుసు. అందుకే తాగడం మానేసింది."

మొగులమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత తన కుడిచేతిని చూసుకుంది, చెంచా పట్టే చేతిని. నేను మాత్రం నా బోరింగు గుంటను తలుచుకుని తల దించుకున్నాను.

సూది వేసి, మూడు రోజులు గడిస్తే బతుకుతుందన్నాడు డాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరు మీద ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ గిన్నె ముచ్చట మా ఆయనకు చెప్పకు. పదహారేండ్లల్ల నా కోసమని ఆయన చేతులతోని చేసింది గిదొక్కటే. తెలిస్తే మనిషి పరేషాన్ అయితడు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను.

మూడో రోజు పొద్దున కర్రోడు గోడ చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చాడు. వెనకాలే మొగులమ్మ. నేను తరమలేదు. బోరింగు కొట్టి బండరాయి నిండా నీళ్ళు పారించాను. కడుపునిండా తాగాడు. తాగి ఆ తడి మీదే తల వాల్చాడు. మళ్ళీ లేవలేదు.

ఓదెలే గుంత తవ్వాడు. "ఏమైందే?" అని ఒక్కసారి అడిగాడు. "ఎండదెబ్బ," అంది మొగులమ్మ. అతను నీలి గిన్నెను శుభ్రంగా కడిగి, చూరు కింద బోర్లించి పెట్టాడు.

ఆ తర్వాత వాళ్ళింట్లోంచి గుసగుసలు కూడా వినపడలేదు. ఆ నిశ్శబ్దానికి నాకే పిచ్చెక్కేది. ఒకటి రెండుసార్లు గోడ మీది నుంచి, "ఏం కూరే?" అని అడిగాను. "ఏదో ఒకటక్కా," అనేది.

ఇరవై రోజులకు ఓదెలు పొద్దున సైకిల్ మీద వస్తూ చొక్కా లోపల ఒక కుక్కపిల్లను తెచ్చాడు. క్యారియర్‌కు ఇంకో నీలి గిన్నె కట్టి ఉంది, కొత్తది.

"పిల్లకు అందాలె గదా. చిన్నగ కోసిన," అన్నాడు. అతని మొహంలో నవ్వు నేను చూడడం అదే మొదలు.

మొగులమ్మ గిన్నెను చూసింది, పిల్లను చూసింది. గోడ మీది నుంచి నన్ను చూసింది. నా నాలుక చివరికి వచ్చింది మాట. ఊరందరినీ కడిగేసే నోరు నాది, ఒట్టు గుర్తొచ్చి అప్పుడు మూతపడింది.

"నాకొద్దు," అంది మొగులమ్మ. "ఇగ కుక్కలొద్దు. నాతోని గాదు."

"నీకు కుక్కలంటే పానం గదనే..."

"వద్దంటున్న గదా! తీస్కపో!" ఆమె గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఓదెలు నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పిల్లను మళ్ళీ చొక్కాలో పెట్టుకుని, సైకిల్ తిప్పుకుని మా గేటు ముందు నుంచే పోతున్నాడు.

"ఓదెలూ, ఆగు. ఆ పిల్లను ఇటియ్యి," అన్నాను.

నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా అక్కా? కుక్కను సాదుతవా?"

"ఇయ్యవయ్యా, నీ ప్రశ్నలేంది!"

గిన్నె కూడా విప్పబోయాడు. "అదొద్దు. మా ఇంట్ల ఉన్నయి," అన్నాను. తల ఊపి పోయాడు. ఈ ఆడవాళ్ళకు నేను చేసిందేదీ నచ్చదు అనుకునే ఉంటాడు పాపం.

సాయంత్రం అతను డ్యూటీకి పోయాక మొగులమ్మ గోడ దగ్గరికొచ్చింది. కుక్కపిల్ల నా కాళ్ళ దగ్గరే మూలుగుతోంది. దాని వైపు చూడలేదు. గోడ మీది సున్నం గోటితో గీకింది.

"అక్కా, దానికి నీళ్ళు దేంట్ల పోస్తున్నవే?"

"నేను అన్నం తినే స్టీలు గిన్నెల," అన్నాను.