బాపు పసుపును తెల్లబరిచింది నేనే

నిజామాబాద్‌లో రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం గోదాంలో మంటలార్పే సిలిండర్ దానంతట అదే పేలి, మా బాపు పసుపు రాశిని పాడుచేసిందని మా బంధువుల్లో ఒక కథ ఉంది. అందులో గోదాం నిజం, రాశి నిజం. మిగతాదంతా నా కల్పన. అసలు ఆ సర్వనాశనం ఎలా జరిగిందో ఇవాళ చెప్పేస్తాను.

అప్పుడు నేను నాగపూర్‌లో ఫైర్ ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. సెలవులకు వచ్చి, మా ఊరు ఏర్గట్ల నుంచి పసుపు బస్తాలతో బాపు వెంట గోదాంకు వెళ్లాను. ఆ చదువంటే బాపుకు మొదటినుంచీ అనుమానమే. "ఈ సదువుతోని లాభమేందో నాకు సమజైతలేదు సీను. తిక్కతిక్క జేసినవంటే బంద్ వెట్టి పొలంల దించుత," అని దారిపొడవునా హెచ్చరించి, రాశి పోయించి, చాయ్ తాగడానికి వెళ్లాడు.

మిగిలింది నేనూ, వాచ్‌మన్ యూసుఫ్ చాచా. ఆయనకు ప్రపంచంలో తెలుసుకోవాలని లేనిదంటూ లేదు.

"మంట మీద నీళ్లు సల్లనీకి నాలుగేండ్ల సదువా బేటా?"

"నూనె మంట మీద నీళ్లు పోస్తే ఇంకింత ఎగుస్తది చాచా. కరెంటు మంట మీద పోస్తే మనమే పోతం."

"అచ్ఛా. సదివినంక ఎర్రబండి మీద గంట కొడ్తవా?"

"అదొక్కటే కాదు. పెద్ద బిల్డింగులల్ల నీళ్ల పైపులు యాడ పెట్టాల్నో గీసి ఇస్తం. ఫ్యాక్టరీలల్ల సేఫ్టీ ఆఫీసర్లయితం. కాలినంక మంట యాడ పుట్టిందో పట్టుకునేటోళ్లు గూడ ఉంటరు. మన బోధన్ చక్కెరనే తీస్కో. దాని దుమ్ము గాలిల లేసిందనుకో, ఒక్క నిప్పురవ్వకు బాంబు లెక్క పేలుతది."

"చక్కెర పేలుతదా? ఇగ చాయ్ దూరంకెళ్లి తాగాలె." స్తంభానికి తగిలించిన మంటలార్పే సిలిండర్ వైపు చూపించాడు. "గా ఎర్రడబ్బల ఏముంటదో ఇన్నేండ్లల్ల ఎవ్వడు చెప్పలె."

పాఠకులారా, అడక్కపోయినా చెప్పే వయసు నాది. అడిగితే ఆగుతానా? కాలేజీలో మా చేతికి ఇచ్చినవన్నీ ఖాళీ సిలిండర్లే. కాబట్టి లోకంలోని సిలిండర్లన్నీ ఖాళీవే అని నా సిద్ధాంతం.

"ముందుగాల పిన్ను గుంజాలె. గొట్టం మంట దిక్కు పెట్టాలె. గిదే మంట అనుకో," అంటూ సిలిండర్ దించి, పిన్ను లాగి, బాపు రాశికి గురిపెట్టాను. "ఇగ పిడి ఒత్తాలె."

ఒత్తాను. రైలింజను ఆవిరి వదిలినట్టు బుస్సుమంది. తెల్లమబ్బు తేలిపోయేసరికి బంగారంలాంటి పసుపు కొమ్ములు మైదాలో దొర్లించిన బెండకాయ ముక్కల్లా ఉన్నాయి. చాచా గడ్డం పదేళ్లు ముసలిదైంది. గుమ్మంలో బాపు.

"ఎవడు జేసిండు?"

నా చదువు నాకు కళ్లముందే పొలంలోకి దిగిపోతూ కనిపించింది.

"చాచా దుమ్ము తుడుస్తుంటే దానంతట అదే పేలింది బాపు."

చాచా నన్ను చూశాడు. నా చేతులు చూశాడు. "అవు భయ్యా, నా చెయ్యే తాకింది," అన్నాడు మెల్లగా.

ఆ రోజు ఏ బేరగాడూ మా రాశి వైపు రాలేదు. మళ్లీ కడిగి, ఎండబెట్టి, మెరుగు పట్టించడానికి ఇంటిల్లిపాదికీ నడుములు పోయాయి. నా చదువు మాత్రం పోలేదు. ఇప్పుడు బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లులో సేఫ్టీ ఆఫీసరును. కొత్తవాళ్లకు ఆ పిన్ను గురించి చెప్పిన ప్రతిసారీ చాచా ముఖం గుర్తొచ్చి మాట తడబడేది. మొన్న ఇక ఉండబట్టక ఏర్గట్ల వెళ్లి బాపు ముందు అంతా ఒప్పుకున్నాను.

బాపు విసనకర్ర ఆపలేదు. "ఎర్కే. పిన్ను నీ ఏలికే ఉండె, ఉంగరం లెక్క."

"మరి చాచా?"

"గాయిన తప్పేం లేదని దుకాణం సేఠుకు ఆ రోజే చెప్పిన. నేను, సేఠు, చాచా ముగ్గురం కడుపు పట్టుకొని నవ్వినం."

"మరి నా సదువెందుకు బంద్ చెయ్యలె?"

"ఏలికి పిన్ను పెట్టుకొని, దానంతట అదే పేలిందనేటోనికి సదువు ఇంకా శాన గావాలె అనిపించింది."

కనుక యావన్మందికీ తెలియజేస్తూ ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అబద్ధమాడను. తప్పనిసరైతే, ముందుగా పిన్ను జేబులో వేసుకుంటాను.