పూల కర్టెన్ మూట

మా అత్తయ్య మంచం కింద ఒక కారు పడుకుని ఉంటుంది. నమ్మకపోతే వచ్చి దుప్పటి ఎత్తి చూడండి. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు, రేడియేటర్ గొట్టాలు, అన్నీ మూటలు కట్టి ఉంటాయి. సీట్లూ చక్రాలే తక్కువ. ఓసారి చుట్టాలొచ్చారని బిస్కెట్ల డబ్బా మూత తీస్తే లోపలి నుంచి హెడ్‌లైటు బల్బులు నన్ను పలకరించాయి. వాళ్ళ ముందు నా తల కొట్టేసినట్టయింది.

మామయ్య పోయాక కారు అమ్మేయమని అందరూ అన్నారు. అత్తయ్య అందరి మాటా విని, తలూపి, వెళ్ళి డ్రైవింగు నేర్చుకుంది. మెకానిక్ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని చిన్నాచితకా రిపేర్లూ పట్టేసింది. అప్పట్నుంచీ మా వైపు ఉండే నర్సులను పొద్దున డ్యూటీకి ఆసుపత్రిలో దింపేది ఆవిడే.

సామాను దాచడంలో ఆవిడ పద్ధతే వేరు. ఒక పనికి ఒక మూట. బెల్టు ఒక్కటే దాస్తే ఒప్పుకోదు. దాన్ని విప్పే పానా, బిగించేటప్పుడు ఎత్తిపట్టే ఇనుప రాడ్, చేతులు తుడుచుకునే గుడ్డ, ఆఖరికి సబ్బు ముక్క కూడా అదే మూటలో ఉండాలి. పైగా కొత్తది కొన్నాక ముందు బండికి బిగించి నాలుగు రోజులు తిప్పుతుంది. తర్వాత దాన్ని విప్పి దాచి, పాతదే మళ్ళీ పెడుతుంది. ఇదేం చోద్యం అని నేను నవ్వితే, సరిపోతుందని షాపువాడు అంటే చాలదు, బండి అనాలి అంది.

మూటలకు పాత చొక్కాలు, చిరిగిన దిండు గలేబులు వాడినన్నాళ్ళూ నేను నోరెత్తలేదు. కానీ ఒకరోజు ముందు గదికని మోజుపడి కొన్న నా పూల కర్టెన్‌ను, ఇంకా కొక్కేనికి తగిలించనైనా లేదు, సగానికి కత్తిరించి అందులో ఫ్యాన్ బెల్టు కట్టింది. ఒంటికాలి మీద లేచాను. ఇంట్లో ఇన్ని గుడ్డపేలికలుండగా నా కర్టెనే దొరికిందా అని కనిపించినప్పుడల్లా సాధించాను. ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంతలో ఆసుపత్రికి బండ్ల వ్యవహారం చూసే కొత్త ఆఫీసరు వచ్చాడు. మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు చిట్లించి, నెల రోజులు చూస్తానన్నాడు. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ పని కొత్త కార్ల కంపెనీకి వెళ్ళిపోతుంది. డిక్కీలో నర్సుల సంచులు తప్ప ఇంకేమీ కనబడకూడదని కూడా ఆర్డరేశాడు. దాంతో అంతదాకా డిక్కీలో తిరిగిన కర్టెన్ మూట మంచం కిందికి చేరింది.

పోతే పోయింది, ఇంక హాయిగా ఇంట్లో కూర్చోవచ్చని మా ఆయన అన్నాడు. ఆ మాటకు అత్తయ్య సగం అన్నంలో లేచిపోయింది. ఆ నెలంతా కారు తాళాలు దిండు కింద పెట్టుకునే పడుకుంది. అది చూసి, ఎంత పోట్లాడే కోడలినైనా, పొద్దున ఆవిడకంటే ముందే లేచి టీ పెట్టేదాన్ని.

నెల గడువులో ఆఖరి రోజు పొద్దున్నే పిండి కలుపుతున్నాను. ఫోను మోగింది.

"అమ్మాయ్, నీ పూల కర్టెన్ పట్టుకురా. వాటర్ ట్యాంకు దగ్గరున్నా."

అంతే, పెట్టేసింది. బెల్టుకీ గొట్టానికీ తేడా తెలియని దాన్ని, కానీ ఆ మూట నాకు కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది. పిండి చేతులతోనే స్కూటర్ తీశాను.

వెళ్ళేసరికి బానెట్ ఎత్తి, జాకెట్టు చేతులు పైకి మడిచి నిలబడి ఉంది. స్టీరింగు ముందు ఎర్ర లైటు వెలగగానే ఇంజన్ ఆపేసిందట, కాబట్టి ఇంకేమీ పాడవలేదు. నర్సులను ఇంకా ఎక్కించుకోలేదు. మూట ముడి విప్పితే అన్నీ ఉన్నాయి, దేనికీ వెతుక్కోనక్కర్లేదు. తెగిన బెల్టు లాగేసి కొత్తది ఎక్కించింది. ఇనుప రాడ్ నా చేతికిచ్చి, బెల్టు బిగుతుగా ఉండేలా డైనమోను దాంతో ఎత్తి పట్టుకోమంది.

"నేను బోల్టు బిగించేదాకా వదలకు. చెయ్యి లాగినా సరే."

చెయ్యి లాగింది, నడుమూ లాగింది. వదల్లేదు. ఆవిడ బిగించి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసి, సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఎర్ర లైటు ఆరిపోయింది.

నేను ఇంటికి పోతానా? నర్సులను ఎక్కించుకుని ఆవిడ ముందు, స్కూటర్ మీద నేను వెనక. ఆసుపత్రి గేటు దగ్గర ఆఫీసరు వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. పక్కనే కంపెనీవాళ్ళ తెల్లకారు తళతళలాడుతూ ఎదురుచూస్తోంది. డ్యూటీ గంట ఇంకా కొట్టకముందే మా ముసలి కారు గేటు దాటింది. నాకు ఈల వేయడం రాదు కాబట్టి స్కూటర్ హారన్ బలంగా నొక్కాను.

ఆఫీసరు ఆవిడ మోచేతికున్న గ్రీజు చూసి ఏమైందన్నాడు. దారిలో బెల్టు తెగింది, ఇంటి నుంచి సామాను మూట తెప్పించి మార్చుకొచ్చాను అంది, పాలు పొంగితే దించానన్నట్టు. మెకానిక్ ఎవరొచ్చారని అడిగాడు.

"మా కోడలు" అంది అత్తయ్య.

అతను నా పిండి చేతుల వంక చూసి నోరు వెళ్ళబెట్టాడు. రేపట్నుంచి మీరే రండి, ఆ మూటేదో డిక్కీలోనే పెట్టుకోండి అన్నాడు. నర్సులు చప్పట్లు కొట్టారు. తెల్లకారు డ్రైవరు తన డిక్కీ తెరిచి చూసుకున్నాడు, అందులో ఏమీ లేదు.

ఇంటికొచ్చి ఇద్దరం చతికిలబడ్డాం. ఎప్పటి ప్రశ్నే మళ్ళీ వేశాను, ఈసారి మెల్లగా. అన్ని పాతగుడ్డలుండగా ఆ కర్టెనే ఎందుకు కోశారని.

"పేలికలో కడితే నీకు గుర్తుంటుందా? ఎప్పుడైనా ఆ మూట నాకు తెచ్చిచ్చేది నువ్వే. అందుకే నువ్వు మర్చిపోలేని గుడ్డలో కట్టా" అంది.

అలమారలో దాచుకున్న మిగతా సగం కర్టెన్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"రేడియేటర్ గొట్టం ఇందులో కట్టండి. రేపట్నుంచి దీని గురించి పోట్లాడతాను."