కత్తెర పిన్ని మడతకత్తి

కత్తెర పిన్నికి కొత్త పిచ్చి పట్టిందని ఇంట్లోవాళ్లు ముందు నవ్వుకున్నారు, ఆ తర్వాత భయపడ్డారు. కుట్టుమిషను మీద బతికే మనిషి, చుట్టుపక్కల దర్జీలందరి కత్తెరలకీ పదును పెట్టి ఆ పేరు తెచ్చుకున్న మనిషి, ఉన్నట్టుండి గడ్డం గీసే పాత మడతకత్తుల వెంట పడింది. పాతసామాన్ల కొట్లో తుప్పు తిని, పిడి వదులైపోయిన కత్తి ఒకటి కంటపడితే చాలు, నగ దొరికినంత సంబరంగా సంచిలో వేసుకుని ఇంటికి ఉరికేది. దాన్ని కిరసనాయిలులో నానబెట్టడం, గరుకు కాగితంతో తుప్పు వదిలించడం, పిడి బిగించడం, సానరాయి మీద గంటల తరబడి నూరడం. ఇక అన్నం సంగతి ఎవరు చూసుకుంటే వాళ్లదే.

పదును వచ్చిందో లేదో చూడాలంటే ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూడాలి. తన చేతులు నున్నగా అయిపోయాయి. దాంతో మొగుడి మీద పడింది.

"ఆఫీసులో అందరూ అడుగుతున్నారే, చేతులకేమైనా జబ్బా అని," అన్నాడాయన, ఈకలు పీకిన కోడిలా ఉన్న చేతులు చూసుకుంటూ.

"అబ్బ, కదలకండి! ఎలా రాలుతున్నాయో చూడండి!"

"రాలేవి నావి, సంబరం నీదా?"

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చేతి మీది నూగు వేరు, మగవాడి గడ్డం వేరు. తన కత్తి గడ్డానికి పనికొస్తుందో లేదో చెప్పగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, సెలూన్ తాత. సెలూను ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. గీసి పారేసే బ్లేడు ముక్కలు తప్ప ఇంకోటి ముట్టుకోడు. శుభ్రం కూడాను, కాదనేదేముంది? తాత మాత్రం తలుపు పక్కన బెంచీ మీద కూచుని, వచ్చేపోయేవాళ్ల గడ్డాలకి వంకలు పెడుతుంటాడు. కత్తి నూరడంలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ కొడుకు ఆ పని నాకొద్దన్న రోజునే తాతకి మనసు విరిగిపోయింది. ఇంకెవరికీ నేర్పేది లేదని భీష్మించుకున్నాడు.

పిన్నికి కావలసిందల్లా ఆయన నేర్పడమే. తనంతట తాను రాగలిగినంత దూరం వచ్చేసింది, ఇక దారి తెలియడం లేదు. కత్తి తీసుకుని ఎప్పుడు వెళ్లినా తాత దాన్ని బొటనవేలికి ఆనించి, "బాగుందమ్మాయ్, కూరగాయలు తరుక్కో," అని తిరిగి చేతిలో పెట్టేవాడు. ఒళ్లు మండిపోయేది. ఈ ముసలాయన చేత నేర్పించుకోకపోతే నా పేరు కత్తెర పిన్నే కాదు, అనుకుంటూ ఇంటికొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం, అంచు మధ్యలో గంటు పడ్డ ఓ వెడల్పాటి కత్తిని అరగదీసి అరగదీసి, ఆ గంటు పోయేదాకా నూరి, జడలోంచి ఒక వెంట్రుక తెంపి అంచు మీదికి వేలాడదీసింది. తాకీ తాకకముందే అది రెండు ముక్కలైంది. మళ్లీ చూసింది. మళ్లీ రెండు! ఓరి దేవుడోయ్ అని ఒక్క గెంతు గెంతింది. కొలతలివ్వడానికి వచ్చిన ఆవిడ వాకిట్లో నోరు తెరుచుకుని చూస్తుండగానే, మెడలో టేపుతో, కాళ్లకి చెప్పులైనా లేకుండా సెలూనుకి పరుగు తీసింది.

"తాతా! ఇవాళ కూరగాయలంటే ఊరుకోను, ముందే చెబుతున్నా!"

తాత కత్తి అందుకుని బొటనవేలు ఆనించాడు. ఆగాడు. వెలుతురుకి తిప్పి చూశాడు. తన తెల్ల వెంట్రుక ఒకటి పీకి అంచు మీద పెట్టాడు. అది తెగి కింద పడింది. కూరగాయల మాట రాలేదు! పిన్ని ఇంకాస్త దగ్గరికి జరిగింది. కుర్చీలో మొహం నిండా నురగతో ఉన్న పెద్దమనిషి కూడా మెడ చాచి చూస్తున్నాడు.

తాత పక్కనున్న గాజుగ్లాసులోని నీళ్లు పారబోసి, దాన్ని బోర్లించి, కత్తి అంచుని దాని అడుగు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి కిర్రుమని లాగేశాడు.

"అయ్యయ్యో! చంపేశారు!" అని అరిచింది పిన్ని.

"మతి పోయిందా నాన్నా?" అని కొడుకు పరుగున వచ్చాడు. "పాపం, ఆవిడ ఎంత కష్టపడిందో!"

పిన్నికి కళ్లనీళ్లు ఆగలేదు. "నేర్పనంటే నేర్పనని చెప్పండి తాతా. ఈ కత్తేం చేసింది మిమ్మల్ని?"

"అరవకు. నువ్వు తెచ్చింది పదును కాదు," అన్నాడు తాత. "నూరగా నూరగా అంచు మీద సన్నటి రేకు నిలబడుతుంది. వెంట్రుకలు తెంపి మనల్ని మురిపిస్తుంది. గడ్డం మీద పెట్టామా, ఒక చెంప అయ్యేలోపే మడతపడిపోతుంది. దాన్ని పోగొట్టి మళ్లీ నూరితేగానీ అసలు పదును రాదు."

"మరి ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పలేదేం?"

"ఇన్నాళ్లూ ఆ రేకు దాకా కూడా రాలేదుగా నువ్వు."

తాత వంగి, బెంచీ కింది చెక్కపెట్టెలోంచి గుడ్డలో చుట్టిన సానరాయి బయటికి తీశాడు.

"అది పారేశానన్నావు కదా నాన్నా?" అన్నాడు కొడుకు.

"నీకలా చెప్పాను." తాత కొంచెం పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. "కూచో అమ్మాయ్. రాయి మీద నీళ్లు చల్లు. ఈసారి నా ఎదురుగా నూరు, నీ చెయ్యి ఎలా నడుస్తుందో చూడాలి."

పిన్ని కళ్లు తుడుచుకుని గబుక్కున కూచుంది. వాకిట్లో కొలతలావిడ సంగతి మరిచేపోయింది. నీళ్లు చల్లి, కత్తిని రాయికి ఆనించిందో లేదో తాత కసిరాడు.

"అలా కాదు!"

కత్తెర పిన్నికి ప్రాణం లేచొచ్చింది.