ప్లాస్టర్ చుట్టిన సీసా

మా వీధివాళ్లు ఆవిడ ఎదురుపడితే అక్కా అంటారు, అటు తిరగగానే ఎర్రచీటీ అంటారు. రీసైక్లింగ్ లారీ రాకముందే ఇంటింటి నీలం డబ్బా మూత ఎత్తి చూడటం ఆవిడ ఉద్యోగం. జిడ్డు కారే కవరో, పిల్లల డైపరో కనబడిందా, డబ్బాకి ఎర్రచీటీ అంటిస్తుంది. ఇక ఆ వారం లారీ దాన్ని ముట్టుకోదు. మన చెత్తలో తలదూర్చే మనిషంటే ఎవరికి ఇష్టం? తల్లితో కలిసి మా పై వాటాలోనే ఉంటుంది కాబట్టి నేను మొహమాటానికి పలకరించేదాన్ని.

ఓ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ వేసుకుంటారా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. డబ్బాలు అయిపోయి ఒంట్లోకి కూడా తొంగిచూస్తోందా అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

ఆవిడ తమ్ముడు ఊరి చివర షెడ్డులో, బెల్టు మీద కదిలివచ్చే సరుకుని చేత్తో వేరుచేస్తాడు. మా వీధుల సరుకు వచ్చిన రోజు, మూతకి ప్లాస్టర్ చుట్టిన షాంపూ సీసా ఒకటి గలగలమందట. లోపల ఏదైనా ఉంటే సీసా పనికిరాదని విప్పి దులిపాడు. అన్నీ ఇన్సులిన్ సూదులు. ఒకటి గ్లవ్ దాటి వేల్లో దిగింది. డాక్టరు మందులిచ్చి, ఏ రోగమూ అంటలేదని తేలాలంటే నెలలు పడుతుందనీ, సూది ఎవరిదో తెలిస్తే వాళ్ల రక్తం పరీక్షిస్తామనీ అన్నాడు. అప్పట్నుంచీ తమ్ముడికి తిండీ నిద్రా లేవు. తన చంటిదాన్ని ఎత్తుకోవడానికి కూడా భయపడుతున్నాడు.

పాపం, ఇల్లిల్లూ తిరిగింది. ఆవిణ్ణి చూస్తే డబ్బాలు దాచుకునేవాళ్లు సూదుల సంగతి చెబుతారా? మేమంతా గుండ్రాళ్లలా ఉన్నామని ఒకాయన నవ్వి తలుపేసుకున్నాడట. మరి మీ అమ్మగారి ఇన్సులిన్ సూదులో అన్నాను. వాటికి తనే గట్టి డబ్బా కొనిచ్చిందట, నిండగానే అమ్మ మందులషాపులో ఇచ్చేస్తుందట. లేస్తూ, అమ్మకి మాత్రం ఈ విషయం తెలియనివ్వొద్దని బతిమాలింది. కొడుక్కి ఇలా అయిందంటే ఆవిడ తట్టుకోలేదట.

నా నోట్లో నువ్వుగింజ నానదు. రెండ్రోజుల తర్వాత ఆ పెద్దావిడ మా మెట్ల మీద కూర్చుని, కూతురు ఎందుకిలా చిక్కిపోతోందని దిగులుపడుతుంటే చూడలేక అంతా చెప్పేశాను.

"ఏం సీసా?" అంది.

షాంపూ సీసా, ప్లాస్టర్ చుట్టి ఉందట అన్నాను. ఆవిడ గబుక్కున లేచింది. గోడ పట్టుకుని పైకెక్కుతుంటే పడిపోతుందేమోనని నేనూ వెనకే వెళ్లాను.

"ఊరంతా అడిగావు కదే. నన్నెందుకు అడగలేదు?" అంది కూతుర్ని.

షాపులో అందరి ముందూ సూదులు ఇవ్వాలంటే సిగ్గట ఆవిడకి. అందుకే సీసా శుభ్రంగా కడిగి, ఎవరికీ గుచ్చుకోకూడదని ప్లాస్టర్ కూడా చుట్టింది. పైకి శుభ్రంగా ఉన్న సీసా ఎర్రచీటీ కంటికి మాత్రం ఎలా ఆనుతుంది?

మర్నాడు రక్తం పరీక్షించారు. ఆవిడకి షుగరు తప్ప ఏ రోగమూ లేదు. కబురు వినగానే తమ్ముడు పరుగెత్తుకొచ్చి, తల్లి పక్కన కూలబడి నవ్వుతూ ఏడ్చాడు. నాకూ గుండెల మీంచి బరువు దిగింది. రేపట్నుంచి పనికి వెళ్తానని, తన చోట కొత్తగా ఎవర్నో నిలబెట్టారని చెబుతున్నాడు.

పెద్దావిడ అతని వేలు వదల్లేదు.

"నాకీ సంగతి తెలిసిన రోజు పొద్దున, లారీకి ఇంకో సీసా వేశాన్రా," అంది. "ఇప్పటిదాకా నీ గురించే ఆలోచించాను."

అక్క అప్పటికే ఫోను తీసింది. మా వీధుల సరుకు ఇవాళే బెల్టెక్కుతుందనీ, ఆ మోతలో అక్కడ ఫోను ఎవరికీ వినబడదనీ చెబుతూ తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాడు.