సగం కూలికి వస్తానన్న పొద్దు

మొన్న పొద్దున నంద్యాలలో నేనెక్కిన ఆటో ఒక కూడలి దగ్గర కదలకుండా నిలిచిపోయింది. ముందర ఆగిన లారీ చుట్టూ పనికోసం వచ్చినవాళ్లు మూగి ఉంటే, పైనున్న మనిషి వేలు చూపించి వయసులో ఉన్నవాళ్లను మాత్రమే ఎక్కించుకుంటున్నాడు. లారీ వెళ్లిపోయాక మిగిలిపోయిన ఒక తలనెరిసిన మనిషి, తన సంగతి ఎవరూ గమనించలేదన్నట్టు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోవడం చూశాక, ఇంటికొచ్చినా నాకు అన్నం సయించలేదు.

మాది ఆళ్లగడ్డ. డెబ్బైలలో మా నాయనకు ఎద్దులబండి ఉండేది. చుట్టుపక్కల పల్లెల పత్తిని నంద్యాల మిల్లుకు తోలేవాడు. బండి తిరిగొచ్చే చప్పుడు వినబడితే చాలు, అమ్మ సంగటి కెలుకుతూనే చర్చి పాట అందుకునేది. తర్వాత షావుకార్లు లారీలు కొన్నారు. పత్తి పెరిగింది, మిల్లులు పెరిగాయి, నాయన ఎవరి పత్తి తోలేవాడో ఆ షావుకారు ఇంటిమీద మేడ లేచింది, నాయన బండిని పిలిచేవాళ్లు మాత్రం లేకపోయారు. ఎద్దులను అమ్మిన రోజు వాటి వెంట సంతదాకా పోలేక, అన్నను పంపి, ఖాళీ కొట్టంలో ఒక్కడే కూర్చున్నాడు.

ఎనభైల మొదట్లో అందరం నంద్యాల చేరాం. నేను ఒక చిన్న బడిలో టీచరుగా కుదిరాను గానీ నా జీతం ఇంటి బాడుగకే సరిపోయేది. నాయనా అన్నా పొద్దున్నే మిల్లు ముందర, బస్తాలు మోసే కూలీలను ఏరుకునే మేస్త్రీ కోసం నిలబడేవాళ్లు. మేస్త్రీ అన్నను రోజూ పిలిచేవాడు, నాయన వైపు చూసేవాడే కాదు. నాయన మీసానికి మసి పూసుకుని బయలుదేరడం కూడా నేను చూశాను.

అలా వారాల తరబడి ఉత్త చేతులతో తిరిగొచ్చాక, ఒక పొద్దు నేను బడికి పోతూ అక్కడికి వచ్చేసరికి, నాయన మేస్త్రీకి అడ్డం నిలబడి ఉన్నాడు.

"అప్పా, ఆళ్లకిచ్చే దాంట్లో సగమియ్యి చాలు, నేనొస్తా."

మేస్త్రీ కొంచెం ఆలోచించి, అందరివైపు తిరిగాడు. "ఇనబడెనా? ఇంకమీద కూలి ఇంతే. ఇష్టమున్నోళ్లు రాండి, లేనోళ్లు పోండి."

కూలీలు ఒక్కొక్కరే తలవంచుకుని లోపలికి నడిచారు. సగం కూలికే వయసువాళ్లు దొరికాక మేస్త్రీకి మా నాయనతో పనేముంది? ఆ పొద్దు కూడా ఆయన బయటే మిగిలిపోయాడు.

అన్న గేటుదాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఏంది నాయనా నువ్వు చేసింది? అందరి నోట్లో మన్ను కొడ్తివే!"

"యాడా పని లేకుంటే నేనేం చేయాల్రా?" అన్నాడు నాయన, గట్టిగా కూడా కాదు.

వాళ్లిద్దరూ మాట్లాడుకోగా నేను వినడం అదే ఆఖరు. ఒకే గదిలో తింటూ, ఒకే గదిలో పడుకుంటూ ఏళ్లు గడిపారు. ఆ కూలి మళ్లీ పెరగకముందే నాయన పోయాడు. ఆయన శవపెట్టె మోయడానికి మిల్లు కూలీల్లో ఒక్కరూ రాలేదు.

అన్నకు యాభై దాటాక మేస్త్రీలు అతణ్ణీ పిలవడం మానేశారు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "నాయన మాత్రం ఏం చేస్తాడులేమ్మా" అన్నాడు. ఆ మాట వినడానికి నాయన లేడు.

ఊరు బాగుపడిందని అందరూ అంటారు. నిజమే, నా కళ్లముందే బాగుపడింది. ఆ బాగులో మా నాయన పాలు ఏమైందో ఎవరినడగాలన్నది మాత్రం ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.